మట్టల ఆదివారం వచ్చిన నీళ్ళు

ఎడారిలో బండను చీల్చి, దప్పికగొన్న తన ప్రజలకు నీళ్ళిచ్చిన దేవునికి స్తోత్రం. మా కృష్ణమ్మను కొండల నడుమ నుంచి నడిపించి, కాలువ చిట్టచివర ఉన్న మా గడపల దాకా చేర్చిన ఆయన కృపకు స్తోత్రం.

విజయవాడలో కాలువ వంతెన దాటుతుంటే, ఎండకు కుళ్ళుతున్న గుర్రపుడెక్క వాసన బస్సు కిటికీలోంచి లోపలికొస్తుంది. పక్కవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం చల్లపల్లికి దిగువన, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉన్న మా ఊరూ, నేను పరికిణీలు కట్టుకున్న ఆ డెబ్బైల నాటి వేసవులూ కళ్ళముందుకొస్తాయి.

మా ఊళ్ళో ఎక్కడ బావి తవ్వినా ఉప్పునీళ్ళే. వాటితో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, ఎంత తాగినా దాహం తీరదు. అందుకని ఏటా వేసవికి కాలువలు కట్టేసేముందు ఇరిగేషన్ వాళ్ళు వదిలే ఆఖరి నీళ్ళతో మంచినీళ్ళ చెరువు నింపుకునేవాళ్ళం. మా క్రైస్తవుల పేటా, అవతలి గట్టున చేపలు పట్టుకు బతికే కుటుంబాలూ, అందరం తొలకరి దాకా ఆ చెరువు మీదే బతకాలి. మా నాయనమ్మ ఆ ఎర్రనీళ్ళలో చిల్లగింజ అరగదీసి కలిపితే, తెల్లారేసరికి మట్టంతా కుండ అడుగుకు దిగి, పైన తేటనీరు కొబ్బరినీళ్ళలా చల్లగా, కాస్త మట్టివాసనతో ఉండేది. ఆ నీళ్ళు పోసిన చద్దన్నంలోకి పచ్చి మామిడికాయ ముక్క, ఉప్పు చాలు.

ఒక ఏడు, ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు మేం ఈతమట్టలు పట్టుకుని పాడుతూ మా ప్రార్థన గుడి చుట్టూ తిరుగుతుంటే, కాలువ గేట్లు చూసే లస్కరు నాగభూషణం గారు వచ్చి సైకిలు దిగారు. పైనుంచి నీళ్ళు అనుకున్నదానికంటే ముందే వదిలారట. సాయంత్రానికి మా దాకా వస్తాయి, మర్నాడు పొద్దున్నే గేట్లు దించేస్తారు. చెరువుకు వచ్చే పిల్లకాలువ నిండా గుర్రపుడెక్క. దాన్ని తీసే కూలీలు రావలసింది వారం మధ్యలో.

"ఇయ్యాళ పీకితేనే నీళ్ళండీ. లేదంటే ఈ ఏడు ఉప్పునీళ్ళే గతి," అన్నారాయన.

మా సంఘంలో విశ్రాంతి దినమని ఆదివారం పూట కట్టె కూడా కొట్టేవారు కాదు. కూర శనివారమే తరిగి పెట్టుకునేవారు. అందరూ పాస్టరు అయ్యగారి మొహం చూశారు.

"గోతిలో పడ్డ ఎద్దుని ఆదివారమని వదిలేత్తామా అయ్యగారూ?" అంది నాయనమ్మ. "ఇప్పుడు ఊరే పడేట్టుంది."

అయ్యగారు చొక్కా చేతులు పైకి మడిచారు. "పదండి. పాట మాత్రం ఆపకండి."

ఆరాధనకు కట్టుకున్న తెల్లచీరలు ఎగ్గట్టుకుని ఆడవాళ్ళు, పంచెలు గోచీ పెట్టుకుని మగవాళ్ళు బురదలోకి దిగారు. అవతలి గట్టు వాళ్ళు కొడవళ్ళు పట్టుకుని వచ్చారు. నల్లటి గడ్డాల్లాంటి డెక్క వేళ్ళు, పిక్కలకు అంటుకునే జలగలు, బుడగలతో పైకి లేచే కుళ్ళు వాసన. తొందరలో పీకినదంతా గట్టు లోపలి వాలు మీదే గుట్టలుగా పోశాం. పొద్దు వాలేవేళ నీళ్ళు వచ్చాయి. వచ్చి, ఆ గుట్టల్ని తేల్చుకుపోయి, చెరువు తూముకు అడ్డంగా బిగించేశాయి.

"బాగుందండీ, కడిగి మరీ గుమ్మంలో పెట్టారు," అన్నారు నాగభూషణం గారు.

"నవ్వింది చాల్లే. నువ్వూ దిగు బాబూ," అంటూ నాయనమ్మ అప్పటికే రొమ్ముల్లోతు నీళ్ళలోకి దిగిపోయింది.

తూము దగ్గర్నుంచి గట్టు అవతలి పొలం దాకా అందరం వరసగా నిలబడి, చేతిలోంచి చేతిలోకి ఆ చెత్తను దాటించాం. నాకు ఒక పక్క మా అయ్యగారు, ఇంకో పక్క చేపల పోలమ్మత్త. ఆమెకు మా పాటల మాటలు తెలియవు. రాగం పట్టుకుని పాడింది. దీపాలు పెట్టేవేళకు తూము ఒక్కసారి గుర్రుమంది. నీళ్ళు చెరువులోకి దూకిన ఆ చప్పుడుకి పాట ఆగిపోయింది. తెల్లారి గేట్లు దించేసరికి చెరువు రేవు పైమెట్టు తడిసి ఉంది.

ఇప్పుడా మెట్లు పూడికలో దిగిపోయాయి. నీళ్ళు డబ్బాల్లో వస్తున్నాయి. చిల్లగింజ అడిగితే పిల్లలకు తెలియదు. లస్కర్లు లేరు, నాయనమ్మ లేదు, శనివారం తరిగిన కూరలూ లేవు. ఈ వేసవిలో ఇరిగేషన్ వాళ్ళు పూడిక తీసి చెరువునూ, చుట్టూ ఉన్న చిత్తడి నేలనూ బాగుచేస్తామంటే, మా సంఘమంతా దిగుతామని మాటిచ్చాం. మోకాళ్ళ నొప్పులున్నా నేనూ దిగుతాను.

చదువుతున్న మీరూ మాతో ఒక్క నిమిషం తల వంచండి: తండ్రీ, నీళ్ళు నువ్వు పంపించు. దారి మేం తీస్తాం. ఆమేన్.