రెండు రంగుల మాత్ర

కరోనా సద్దుమణిగిన మరుసటి ఎండాకాలం, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీనగర్ వెళ్లే దారిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చీఫ్ ఫార్మసిస్టుగా చేరాను. చీఫ్ అంటే వినడానికి గొప్పగా ఉంటుంది. నా కింద ఉన్నది ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ సెలవులోనే ఉండేవారు. మందులు తెప్పించడం, గడువు తీరినవి వెనక్కి పంపడం, మత్తుమందుల అల్మారా తాళం నా దగ్గర పెట్టుకోవడం నా అధికారాలు. వీటికి తోడు యాజమాన్యం కౌన్సెలింగ్ అనే బాధ్యత కూడా అప్పగించింది. మందు చేతికిచ్చేటప్పుడు అది ఏమిటో, ఎప్పుడు ఎలా వేసుకోవాలో రోగికి చెప్పడమన్నమాట. వెనక వరసలో ఉన్నవాళ్లు "జర జల్దీ కానియ్యున్రి మేడం" అంటూ ఉంటే, నేను ప్రశాంతంగా నవ్వుతూ అది చేయాలి.

భిక్షపతి పరిచయమైంది ఆ కౌంటర్ దగ్గరే. పోచంపల్లి వైపు నేత కుటుంబం. వయసులో ఉండగానే మగ్గం వదిలి, దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టాడు. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుని, ఒక్కొక్క చీరా విప్పి చూపించే పాతకాలపు దుకాణం. ఆయనకు మా ఫిజీషియన్ డాక్టర్ సునంద బీపీకి కాంబినేషన్ మాత్ర రాసింది. అంటే ఒకే మాత్రలో రెండు మందులు. టెల్మిసార్టాన్ రక్తనాళాలను సడలిస్తుంది. హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లోని అదనపు ఉప్పునూ నీటినీ మూత్రంలో పంపేస్తుంది, అందుకే దాన్ని వాడుకలో నీళ్ల మాత్ర అంటాం. ఆ కంపెనీవాళ్లు రెండు మందుల్నీ రెండు పొరలుగా అదిమారు. ఒక పొర తెలుపు, ఒకటి లేత ఎరుపు.

"ఇదేంది మేడం, గోలీ రెండు రంగులున్నది?" అని మొదటి రోజే అడిగాడు. నా ఉద్యోగంలో అలాంటి ప్రశ్న అడిగినవాళ్లు అరుదు. మురిసిపోయి, ఏ పొర ఏం చేస్తుందో వివరంగా చెప్పాను. మాత్రను రోజూ పొద్దున ఒకటి, చేత్తో విరవకుండా, నమలకుండా వేసుకోవాలన్నాను. వేసుకునేముందే స్ట్రిప్‌లోంచి తీయాలనీ, ముందే తీసి పెడితే గాలిలో తేమకు పాడవుతుందనీ కూడా చెప్పాను. ఆయన గుడ్డ నాణ్యం చూసే మనిషిలా మాత్రను వెలుతురుకు పెట్టి చూశాడు. "అంటే పడుగొకటి, పేకొకటి అన్నట్టు" అన్నాడు. ఎంత చక్కగా అర్థం చేసుకున్నాడో అని డాక్టరమ్మకు కూడా చెప్పాను. ఆవిడా సంతోషించింది.

మా ఇద్దరి సంతోషంతో ఆయన బీపీకి మాత్రం సంబంధం లేకపోయింది. వచ్చిన ప్రతిసారీ ఎక్కువే ఉండేది. ఇలాంటప్పుడు డాక్టర్లు పాటించే పద్ధతి ఒకటుంది. మందు మార్చేముందు రోగి దాన్ని నిజంగా వేసుకుంటున్నాడా అని కనుక్కోవాలి. సునంద అడిగింది, నేనూ అడిగాను. "కర్మన్‌ఘాట్ హనుమంతుని మీద ఒట్టు, ఒక్క దినం గూడ తప్పిస్తలే" అన్నాడు. హనుమంతుడి దాకా వెళ్లాక ఇంక అడగడానికి ఏముంటుంది? డాక్టరమ్మ మాత్ర మోతాదు పెంచింది. పెంచినది అదే కంపెనీది, అవే రెండు రంగులు. తెలుపులోనూ ఎరుపులోనూ మందు ఎక్కువ.

కొన్ని వారాలకు ఆయన భార్య అండాలును ఆటోలో క్యాజువాలిటీకి తెచ్చారు. పెళ్లిళ్ల సీజన్. దుకాణంలో నిలబడి చీరలు మడతపెడుతూ కూలబడిపోయిందట. రెండు రోజులుగా వాంతులు. మాట తడబడుతోంది, అడిగినదానికి సంబంధం లేని జవాబు. స్ట్రెచర్ మీది దుప్పటి అంచు పట్టుకుని చీర మడతపెట్టినట్టు మడతపెడుతూనే ఉంది. విప్పడం, మళ్లీ మడతపెట్టడం. భిక్షపతి పక్కన నిలబడి "అది గిరాకీకి చూపే చీర గాదే, దుప్పటే" అని ఆమెకు నచ్చజెబుతున్నాడు.

రక్తపరీక్షలో సోడియం ప్రమాదకరంగా పడిపోయి ఉంది. సోడియమంటే రక్తంలోని ఉప్పు. అది అలా తగ్గితే మెదడు వాస్తుంది, మూర్ఛలు రావచ్చు, మనిషి కోమాలోకి పోవచ్చు. పోనీ ఆ ఉప్పును గబగబా ఎక్కించేద్దామంటే అదీ మెదడుకు ముప్పే. ఐసీయూలో పెట్టి గాఢమైన సెలైన్‌ను బొట్లుబొట్లుగా ఎక్కిస్తూ, మాటిమాటికీ రక్తం పరీక్షించుకుంటూ పోవాలి. వయసు మళ్లిన ఆడవాళ్లలో ఇలా కావడానికి నీళ్ల మాత్ర ఒక పెద్ద కారణం. డాక్టరమ్మ భిక్షపతిని సూటిగానే అడిగింది, ఆమె నీళ్ల మాత్ర ఏమైనా వేసుకుంటోందా అని. "లేదమ్మా. ఆమెకు బస్తీ దవాఖానల ఇచ్చిన బీపీ గోలీ ఒక్కటే" అన్నాడు. తలకు స్కాన్ తీయిద్దామా, ఇన్‌ఫెక్షనేమైనా ఉందా అని డాక్టర్లు ఆలోచనలో పడ్డారు.

రోగిని చేర్చుకున్నప్పుడు ఇంట్లో వాడే మందులన్నీ తెప్పించి చూడడం ఫార్మసిస్టు పని. ఏరకుండా, సర్దకుండా, ఉన్నవి ఉన్నట్టు సంచిలో వేసి తెమ్మంటాం. ఏరే పని బంధువులకు వదిలేస్తే మాకు కావాల్సింది ఇంట్లోనే ఉండిపోతుంది. భిక్షపతి తన దుకాణం పేరున్న చీరల కవరు తెచ్చి నా ముందు బోర్లించాడు. అండాలుకు బస్తీ దవాఖానాలో ఇచ్చిన ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర స్ట్రిప్ ఒకటి. దాంతోపాటు జాకెట్ హుక్కులు వేసిచ్చే చిన్న జిప్ కవర్లు రెండు. ఒకదాంట్లో పల్చటి తెల్లబిళ్లలు, ఒకదాంట్లో లేత ఎరుపు బిళ్లలు.

ఎర్రబిళ్ల ఒకటి ట్రేలో వేసి చూశాను. ఒక వైపు మిషన్‌లో అదిమిన నునుపు ఉంది. రెండో వైపు గరుకుగా, సుద్దలా ఉంది. బ్లేడు నడిచిన సన్నటి గీతలు కనిపించాయి. మాత్రను మధ్యకు విరిచి రెండు ముక్కలు చేసేవాళ్లను చాలామందిని చూశాను. రెండు పొరలు అతుక్కున్న చోట బ్లేడు పెట్టి, పొరకు పొర విడదీసిన మనిషిని ఆ రోజే చూశాను. నవ్వొచ్చింది. నవ్వు పెదాల దాకా రాకముందే ఐసీయూలో ఉన్న మనిషి గుర్తొచ్చింది. ట్రేతో సహా డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను.

భిక్షపతి దేన్నీ దాచలేదు. కొంత గర్వంగానే చెప్పాడు.

"మీరే చెప్పిన్రు గదా మేడం, తెల్లది బీపీకి, ఎర్రది నీళ్లు పోనీకి అని. గిరాకీ ముంగట చీర పరిచినంక మేం లేవొద్దు. లేస్తే గిరాకీ గూడ లేస్తది. గా ఎర్రది పడ్డదంటే నేను గంటకోపారి లేవాలె. ఈమెకేమో కాళ్లు వాస్తున్నయి. నాకొద్దన్న నీళ్లు, ఈమెకు పోవాల్సిన నీళ్లు. ఆయితారం ఆయితారం కూసోని వారం గోలీలు రెండు దిక్కులు చేస్తుంటి."

"మరి ఆమెకు నీళ్ల మాత్ర లేదన్నారేంటండీ?" అన్నాను. నా గొంతు లేచింది.

"ఆమె గోలీలేందని అడిగిన్రు. అది నా గోలీ గదా" అన్నాడు.

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. ఒక్క రోజూ మాత్ర తప్పించలేదు, సగం వేసుకున్నాడంతే. సగానికి బీపీ దిగక డాక్టరమ్మ మోతాదు పెంచింది. పెరిగిన ఎరుపు నేరుగా అండాలు ఒంట్లోకి పోయింది. భర్త చేతికి పట్టీ కట్టి చూసిన బీపీకి భార్య మందు తిన్నది. దాని మీద మండుటెండలు, బీపీ ఉందని ఆమె ఉప్పు బొత్తిగా మానేసిన వంట. అసలు ఆ కాళ్ల వాపు కూడా ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి వచ్చేదే. ఎవరికైనా ఒక మాట చెప్పి ఉంటే మందు మార్చేవాళ్లు.

అదంతా డాక్టరమ్మ విడమర్చి చెప్పాక ఆయన కుర్చీలో కూర్చుండిపోయాడు. ఆయన బీపీ ఎంత ఎక్కువగా ఉందంటే, మిషన్ మీద నమ్మకం కుదరక రెండోసారి చూశాం. "నేనే సంపుకుంటుంటినా మేడం" అన్నాడు. లేదని అనలేకపోయాను. నాకు ఆయన మీద కోపం ఉంది. జాలి ఆ కోపం కన్నా ఎక్కువ ఉంది.

అండాలు నెమ్మదిగా కోలుకుంది. వార్డుకు మార్చాక, ఈ సంగతి ఆమెకు చెప్పే పని నా మీదే పడింది. ఒకరికి రాసిన మందు మరొకరు వేసుకోకూడదని, మీరెందుకు వేసుకున్నారని అడిగాను.

"ఏది తెచ్చిన సగం నాకే పెడ్తడు మేడం, మిర్చిబజ్జి గూడ. గోలీ గూడ గట్లనే అనుకున్న" అంది.

ఇద్దరి మందులూ మారాయి. గిరాకీ ముందు నుంచి మాటిమాటికీ లేవలేని కష్టం ఉందని తెలిశాక, సునంద భిక్షపతికి నీళ్ల మందు లేని కాంబినేషన్ రాసింది. ఒక్క వాక్యంలో అడిగితే అయ్యే పని. అయితే ఆ వాక్యం డాక్టరమ్మ ముందు చెప్పుకోవడానికి ఆయనకు సిగ్గేసిందట.

డిశ్చార్జి రోజున కొత్త మాత్రలు చేతికిచ్చి, "ఎలా వేసుకుంటారో ఇక్కడే వేసుకుని చూపించండి" అన్నాను. స్ట్రిప్ నొక్కి మాత్ర బయటికి తీశాడు. ఇదీ రెండు రంగులదే. అలవాటుకొద్దీ వెలుతురుకు పెట్టి అతుకు ఎక్కడుందో చూశాడు. అండాలు చెయ్యి చాపి, ఆయన చొక్కా జేబులోంచి దారాలు కత్తిరించే బ్లేడు తీసి తన సంచిలో వేసుకుంది. ఆయన మాత్ర మింగాడు.

మందు వేసుకుంటున్నారా అని అడిగితే అందరూ అవుననే అంటారు. చాలామంది నిజమే చెబుతారు. రిటైరయ్యేదాకా నేను ఆ ప్రశ్న మళ్లీ ఎవరినీ అడగలేదు. చూపించమన్నాను.