ఇరవై మూడు చావుల డల్సీ

డల్సీ ఆంటీ ఇప్పటికి ఇరవై మూడు సార్లు చచ్చింది. నమ్మనివాళ్ళు ఆస్ట్రేలియాలో, మా కింబర్లీ వైపు ఎవరినైనా అడగండి. తెల్లవాళ్ళు గుర్రాలెక్కి వచ్చి మా ఆదివాసులని కాల్చిన కాలం మీద ఎవరు సినిమా తీసినా, శవం వేషానికి మొదటి పిలుపు ఆమెకే. చక్కెరపాకం నెత్తురుకి చీమలు బారులు కట్టినా, ఈగ ముక్కులో దూరినా ఆమె రెప్ప కదలదు. ‘కట్’ అనగానే లేచి, గౌనుకంటిన ఎర్రదుమ్ము దులుపుకుని, పాలు లేని టీ ఊదుకుంటూ పక్క శవాలతో పేకాటకి కూర్చుంటుంది. “చచ్చాక కూడా దగ్గావేంట్రా, సిగ్గులేదూ?” అని మరిది క్లాన్సీని ఏడిపిస్తుంది.

అలాంటి మనిషి మొన్న వాగు ఒడ్డున పని చెడగొట్టింది. తుపాకులు పేలగానే ఆమె వెల్లకిలా పడాలి, పక్కనున్న ఆరేళ్ళ పిల్ల కూడా పడాలి. మూడుసార్లు తీస్తే మూడుసార్లూ ఆమె పిల్లని కిందికి లాగి, దాని మీద బోర్లా పడింది. సిడ్నీ నుంచి వచ్చిన కుర్ర దర్శకుడు పరుగెత్తుకొచ్చాడు.

“ఆంటీ, పిల్ల అసలు కనబడటం లేదు.”

“కనబడకూడదు నాయనా. కనబడితే కాల్చేస్తారు.”

చుట్టూ పడుకున్న శవాలన్నీ కళ్ళు తెరిచాయి. దర్శకుడు చేతిలోని కాగితాలు చూసుకుని, గొంతు తగ్గించి అన్నాడు.

“ఈ సీనులో అందరూ చనిపోతారు ఆంటీ. అలాగే రాసుకున్నాం.”

ఆమె లేవలేదు, పిల్ల తల మీంచి చెయ్యి తియ్యలేదు.

“అందరూ కాదు. ఈ వాగు దగ్గరే మా అమ్మమ్మ ఇలా మీద పడింది. కిందున్న మా అమ్మ బతికింది.”