పచ్చ బటన్

మా సాఫ్ట్‌వేర్‌ను అంత శ్రద్ధగా వాడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆవిడ ఎచ్చెర్లలో బస్సెక్కి నా పక్కన కూర్చుంది. ఒళ్లో అన్నం క్యారియరు, చేతిలో పెద్ద ఫోను. అది మోగగానే తెరమీది పచ్చ బటన్ నొక్కింది. ఆ తెర నాకు తెలుసు. యంత్ర భాగాల డ్రాయింగులను ఇంజినీర్లు సరిచూసి ఆమోదించడానికి దగ్గర్లోని ఫ్యాక్టరీలో దాన్ని పెట్టించింది నేనే.

“ఏం నొక్కుతున్నారమ్మా?” అన్నాను.

“మా ఆయనకి మాట పడిపోనాది బాబూ. సెయ్యీ పైకి నెగట్నేదు. ఇశాపట్నం ఆస్పత్రిలో ఉన్నాడు. కాలిరిగిందని కంపినీలో సెప్పినాం. ఇది నొక్కకపోతే ఉజ్జోగం తీసీత్తారని నానే నొక్కుతన్నాను.”

“ఎర్ర బటన్ కూడా ఉంది కదా?”

“అది నొక్కితే ఎవలి పనో ఎనక్కి పోతాది గదా, పాపం.”

భోగాపురం దగ్గర ఫోను మళ్లీ మోగింది. ఆవిడ నొక్కింది. ఎవరూ చూడని ఆ డ్రాయింగు మిషన్ల మీదికి వెళ్లిపోయింది. నేను కిటికీ వైపు తిరిగాను.

మర్నాడు ఫ్యాక్టరీ మీటింగులో మేనేజరు ఒక ఇంజినీరు పేరు చదివాడు. కాలు విరిగి మంచంమీద ఉన్నా అందరికంటే ముందు ఆమోదిస్తున్నాడని మెచ్చుకుని, అందరిచేతా చప్పట్లు కొట్టించాడు.

నేనూ కొట్టాను.