మూసిన బట్టీలో వంకర కుండ

నాగిరెడ్డిపేట దాటాక, పాత కుండల కార్ఖానా దిబ్బను తవ్వుతున్నారని మొన్న మా తమ్ముడి కొడుకు ఫోను చేస్తే, మోకాళ్ళ నొప్పులు కూడా మరచి బస్సెక్కాను. అరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని నా తప్పు ఆ మట్టి కిందే ఉంది మరి, ఎక్కకుండా ఎట్లా ఉంటాను?

నిజాం కాలంలో మా ముత్తాతలు అందులో పనిచేశారట. గత్తర తగిలి జనం రాలిపోతున్న ఏడు, మిగతా కుండలన్నీ మాని, శవం ముందు పట్టుకుపోయే నిప్పుకుండలే కాల్చారట. చివరి బట్టీ చల్లారేలోగా గత్తర ఆగిపోయింది, దాంతో ఆ బట్టీని తెరవకుండా అట్లాగే మూసేశారు. కత్తెరకు సగం తెగిన చిటికెనవేలితోనే బీడీలు చుట్టే మా అవ్వ, ఆ ఊసెత్తితే చాలు, "అండ్ల ఒక్కో కుండ ఒక్కో మనిషి కోసం చూస్తది బిడ్డా, తీసినోళ్ళను తీస్కపోతది" అనేది.

వద్దన్న పనే ముద్దు నాకు. ఎనిమిదేళ్ళప్పుడు, ఎర్రటి ఎండలో, బట్టీ గోడకు పడిన సందులోంచి చేయి పెట్టి ఒక కుండ తీశాను. లోపల వెచ్చగా తగిలితే ఎండకేననుకున్నాను. ఆడుకుందామని తెస్తున్న ఆ కుండ దారిలోనే చేజారి పగిలింది. సాయంత్రానికి ఒళ్ళు కాలే జ్వరం. కలవరింతల్లో ఏమేం వాగానో గానీ, అవ్వ నా తలాపునే కూర్చుని అంతా విన్నది. నేను లేచి తిరిగిన వారానికే, ఏ రోగమూ లేని అవ్వ కూర్చున్నచోటే పోయింది. తరువాత వెళ్ళి చూస్తే ఆ సందు మట్టితో పూడ్చి ఉంది. లోపలి కుండలే పూడ్చుకున్నాయనుకుని పరుగెత్తుకొచ్చాను, మళ్ళీ అటు తొంగిచూస్తే ఒట్టు.

మొన్న నా కళ్ళముందే గోడ విప్పారు. వరుసలు వరుసలుగా ఎర్రటి కుండలు, నోళ్ళన్నీ మా వైపే. మట్టి ఎత్తుతున్న కూలామె, "అమ్మో, గిదేందవ్వా, గిదొక్కటి కాల్చనే లేదు!" అంది. నేను తీసిన చోటే ఉందది. సారె మీద తిప్పింది కాదు, చేత్తో ఒత్తిన వంకర కుండ. పచ్చిమట్టి మీద వేళ్ళ గుర్తులు ఆరిపోయి ఉన్నాయి, నాలుగు నిండుగా, చిటికెనవేలు సగమే.

నా బదులు తానే పోయి నిలబడ్డదా నా తల్లి!

తవ్వకాలవాళ్ళు దానికో చీటీ కట్టి, పెట్టెలో పెట్టి తీసుకుపోయారు. ఇప్పుడు జ్వరమొస్తే కామారెడ్డి దవాఖానాకు పోతాం, మంచిదే. ఆ రోజుల్లో మా అవ్వ చేతిలో మట్టి తప్ప ఏముంది? అందరూ వెళ్ళాక ఆ ఖాళీ చోట చేయి పెట్టాను. మబ్బు పట్టిన రోజే అయినా వెచ్చగా ఉంది. భయం మాత్రం వేయలేదు, ఏడుపొచ్చింది.