కల చివర సున్నా

మా అక్కకు ఏమీ అర్థం కావడం లేదని డాక్టరు కాగితం మీద రాస్తుంటే మా బావ పక్కన నిలబడి తల ఊపాడు. ఆ ఊపుడు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అక్క రైల్వే స్టేషన్లో విచారణ కిటికీ వెనక కూర్చుని ఉద్యోగం చేసి రిటైరైంది. ఏ బండి ఎప్పుడొస్తుందో రోజంతా జనానికి తిన్నగా చెప్పి చెప్పి విసుగెత్తిందో ఏమో, ఇంటికొచ్చాక ఎవరికీ ఏదీ తిన్నగా చెప్పేది కాదు. ఆదివారం పేపర్లో వచ్చే గళ్ళ నుడికట్టంటే ఆమెకు ప్రాణం. నాకు పదం తట్టక అడిగితే జవాబు చెప్పదు, ఇంకో ఆధారం చెబుతుంది. ‘కలప తిరగబడింది, రాసుకో’ అనేది. కలపను వెనక నుంచి చదివితే పలక. చిన్నప్పుడు నన్ను ఏడిపించి మరీ ఈ విద్య నేర్పింది. బావకు మాత్రం అదంతా ఉబుసుపోక. పెళ్ళైనప్పటి నుంచి ఒక్క గడి నింపిన పాపాన పోలేదు.

పక్షవాతం వచ్చి అక్క కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి. చెయ్యి కొంత కోలుకుంది గానీ మాట సరిగ్గా రాలేదు. మాట తిరిగి నేర్పే శిక్షణ ఆ ఆసుపత్రిలోనే ఉంది. అయితే ఎదుటివాళ్ళు చెప్పేది అర్థమయ్యేవాళ్ళనే చేర్చుకుంటారు. అర్థం కాదని డాక్టరు రాశాడా, ఇక అంతే. అప్పుడు ఆమెను వృద్ధుల ఆశ్రమంలో పడేయాలని బావ ముందే నిశ్చయించుకున్నాడు. అక్కడి మంచాల గురించి, ఆమె బీరువా ఎవరికివ్వాలన్న దాని గురించి ఆమె పక్కనే కూర్చుని ఫోన్లో మాట్లాడేవాడు. మెల్లగా మాట్లాడమంటే, దానికేం తెలుస్తుందని నన్నే కసురుకునేవాడు.

పరీక్ష రోజు డాక్టరు జేబులోంచి కలం తీసి, ఇదేమిటమ్మా అని అడిగాడు. అక్క పెదవులు కూడదీసుకుంది.

"కల... చివర సున్నా."

డాక్టరు నిట్టూర్చి ఏదో రాసుకున్నాడు. తర్వాత బల్ల మీది తాళం చూపించాడు.

"పాతాళం," అంది అక్క. "తల... తీసెయ్."

ఆయన కంగారుపడి, ఈమెకు భయాలేమైనా ఉన్నాయా అని బావను అడిగాడు. రోజూ ఇదే వరస అని, ఎవరో పక్కింటావిడ గురించి చెప్పినట్టు చెప్పుకొచ్చాడు బావ. డాక్టరు రాయడం మొదలుపెట్టాడు, బావ తల ఊపాడు.

ఇక ఊరుకోలేకపోయాను. కల పక్కన సున్నా పెడితే ఏమవుతుంది, పాతాళంలో మొదటి అక్షరం తీసేస్తే ఏం మిగులుతుంది అని ఇద్దరినీ నిలదీశాను. పేరు తిన్నగా నోటికి రాక దొడ్డిదారిన తెచ్చుకుంటోందని అరిచినంత పని చేశాను. అక్కాచెల్లెళ్ళు ఇద్దరికిద్దరూ సరిపోయారని బావ నవ్వాడు. డాక్టరు నవ్వలేదు. ఏదో అలా కలిసొచ్చి ఉండొచ్చని మాత్రం అన్నాడు. అయితే నేను బయటికి వెళ్తాను, నేను చూడని వస్తువు చూపించి, ఆమె ఏమందో వచ్చి నాకు చెప్పండి అన్నాను. అన్నానే గానీ, ఎంత పెద్ద పందెం కాశానో వరండాలోకి వచ్చాకే తెలిసింది. నాకు తట్టకపోతే అక్క బతుకు ఆశ్రమం పాలు.

డాక్టరు పిడికిలి బిగించుకుని బయటికొచ్చాడు.

"‘మాత్రమే’ అన్నారు. తర్వాత, ‘మే నెల అయిపోయింది’ అన్నారు. ఇప్పుడు నడుస్తోంది డిసెంబరు కదమ్మా."

"మాత్ర," అన్నాను.

ఆయన పిడికిలి విప్పాడు. అరచేతిలో తెల్లటి బిళ్ళ. లోపలికెళ్ళి, రాసింది కొట్టేసి, సోమవారం నుంచి శిక్షణకు తీసుకురమ్మన్నాడు.

అప్పుడు గానీ బావకు అసలు సంగతి తట్టలేదు. అక్కను అడిగే ధైర్యం చాలక నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. ఆ గొంతు తగ్గించడం ఇన్నాళ్ళూ ఏమైందో!

"అంటే... నేను ఫోన్లో మాట్లాడినవన్నీ..."

"నన్నెందుకు, అక్కనే అడగండి," అన్నాను.

అడగలేదు. అక్కే మొహం అతని వైపు తిప్పింది.

"విన్నాను," అంది.