వెనక్కి మళ్లే నీళ్లు

పరుశురాంకు చెవులు సగమే పనిచేస్తాయి. నలభై ఏళ్లు సాంచాల మధ్య నిలబడితే ఎవరికైనా అంతే. మరమగ్గాల మోత మనిషిని ఊరికే వదలదు. సాంచా కాస్త తేడా చేసినా చెవి కంటే ముందు ఆయన అరికాలికి తెలుస్తుంది. కవిత్వం కూడా అరికాలితోనే రాస్తాడని, ఆయన ఉండే సూరత్ పేట డిండోలిలో ఒక వేళాకోళం. ఎలా రాస్తేనేం, బాగా రాస్తాడు.

నాలుగేళ్లప్పుడు తండ్రి భుజమ్మీద సిరిసిల్ల దిక్కు పల్లె నుంచి సూరత్ వచ్చాడు. మళ్లీ పోలేదు. అయినా ఆయన కవితల్లో ఎప్పుడూ ఆ ఊరే, ఆ ఊరి వాగే. ఆదివారం కులసంఘం హాల్లో చదవడానికి ‘మా ఊరి వాగు’ సిద్ధం చేశాడు. పెద్దలంతా ఆ దిక్కువాళ్లే. ఇన్నాళ్లకు తననూ ఆ ఊరివాడని ఒప్పుకుంటారని ఆయన ఆశ.

శుక్రవారం, పెళ్లికని ఊరి నుంచి వచ్చిన పెద్దమ్మ గంగవ్వకు చదివి వినిపించాడు. ఆమె సాంతం విన్నది.

“మంచిగున్నది కొడుకా. గని పొద్దుగాల కిందికి పోయిన నీళ్లు పగటీలి ఎన్కకు మర్రుతయంటివి. మన వాగు ఎన్నడు మర్రింది? ఎండకాలం దాంట్ల నీళ్లే ఉండయి.”

బియ్యం ఏరుతున్న భార్య భాగీరథి తలెత్తకుండానే, ఆయనకూ వినబడేట్టు గట్టిగా అంది. “అది ఈ సూరత్ తాపీ నది అత్తమ్మా. సెలవు దొరికితే పోయి కాజ్‌వే కట్ట కింద కూసుంటడు. సముద్రం పోటుకు ఆడ నీళ్లు మర్రుతయి.”

పరుశురాం ఆ నాలుగు పంక్తులూ మళ్లీ చదువుకున్నాడు.

శనివారమంతా సాంచా దగ్గర కళ్లు మూసుకుని వాగును తలచుకున్నాడు. వచ్చింది తాపీయే, ఆ బురద వాసనతో సహా. ఆ నాలుగు పంక్తులు కొట్టేస్తే కవితలో మిగిలింది ఊరి పేరొక్కటే. యాభై ఏళ్లుగా ఒక ఊరిని మోస్తున్నాననుకున్నాడు, తీరా చూస్తే అందులో తను చూసింది ఏమీ లేదు. ఆయనకు ఏడుపొచ్చింది.

ఆ హాల్లో ఒక ఆనవాయితీ ఉంది. మైకు ముందుకొచ్చినవాళ్లు ముందు ఊరు చెప్పి, తర్వాత పేరు చెప్పాలి. సూరత్‌లో పుట్టిన పిల్లలు కూడా తాత ఊరే చెబుతారు.

ఆదివారం ఆయన మైకు ముందుకొచ్చాడు. “మాది డిండోలి. నేను పరుశురాం.”

వెనక ఎవరో నవ్వారు. ఆయనకు వినిపించలేదు. ఊరి పేరు తీసి తాపీ అని పెట్టిన కవితను చదివాడు. వెనక్కి మళ్లే ఆ నీళ్లను మాత్రం ముట్టుకోలేదు.

దిగివచ్చి పక్కన కూర్చుంటే గంగవ్వ ఆయన చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పింది. “ఇగ మర్రనియ్యి కొడుకా. నీ నీళ్లే గవి.”