వెంట ఒకడుంటేనే పరుగు: మా భిక్షపతి అన్న

భిక్షపతి అన్న పోయాడన్న కబురు నాకు ఆఫీసులో, అద్దాల గదిలో, మీటింగు మధ్యలో అందింది. మధురానగర్‌లో కర్రీ పాయింట్ నడిపే సుబ్బారావు గారు పంపిన మెసేజ్ అది. "మన భిక్షపతి పోయాడు బాబూ. లిఫ్ట్‌లోనే. స్టూలు మీద కూర్చునే." ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న ఆ తెలుగును మళ్ళీ మళ్ళీ చదివాను. ఫోన్లో విదేశీ క్లయింటు మాట్లాడుతూనే ఉన్నాడు. లేచి వెళ్ళడానికి వీల్లేదు, ఏడవడానికి అంతకన్నా వీల్లేదు. తలుపు చేతికందే దూరంలో ఉంది. అడిగినదానికల్లా "యెస్" అంటూ కూర్చున్నాను. అటువంటి ఇరుకు గురించి ఆయన ఒక మాట అనేవాడు. ఆ మాటే ఆ గంట నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. దాన్ని దాని చోట చెబుతాను.

మా అమీర్‌పేట ఫుట్‌బాల్ జట్టు ఆటలు చూసినవాళ్ళకు భిక్షపతిని పరిచయం చేయనక్కర్లేదు. చూడనివాళ్ళకు చేయడం కష్టం. ఫార్వర్డ్ అంటే ముందు వరసలో ఉండి గోల్ కొట్టేవాడు అని అందరికీ తెలుసు. మా ఫార్వర్డ్ పేరు మీద చెప్పుకోదగ్గ గోల్స్ లేవు. ఆయన ఉన్నన్నాళ్ళూ మా జట్టులో మిగతావాళ్ళు కొట్టారు. పత్రికలో ఎప్పుడైనా మూలన ఒక ముక్క పడితే అందులో వాళ్ళ పేర్లే ఉండేవి. ఈ వ్యాసం ఆ ముక్కల్లో లేని మనిషి గురించి.

ఆయన్ను నేను మొదట చూసింది మైదానంలో కాదు, ఆగిపోయిన లిఫ్ట్‌లో. బి.టెక్. పూర్తిచేసి, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకోవడానికి ఏలూరు నుంచి వచ్చిన కొత్త. అమీర్‌పేటలో ఆ భవనం నిండా కోచింగ్ సెంటర్లే. కిటికీలు కనిపించనన్ని బోర్డులు. భిక్షపతి అన్న అక్కడ లిఫ్ట్‌మ్యాన్. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి లిఫ్ట్ రెండంతస్తుల మధ్య నిలిచిపోయింది. లోపల పట్టవలసిన దానికన్నా ఎక్కువమందిమి ఉన్నాం. చీకటి, చెమట, ఎవరిదో పుస్తకాల సంచీ నా కడుపులోకి గుచ్చుకుంటోంది.

"ఎవ్వలు గ్రిల్ గుంజకున్రి. కరెంట్ రానియ్యి, మనమెటు పోతం?" అని స్టూలు మీంచి ఒక గొంతు.

"నాకు ఇంటర్వ్యూ ఉందండీ!" అన్నాను నేను.

"గా ఇంటర్వ్యూల అడిగెటోడు సుత ఎక్కడనో లిఫ్ట్‌ల ఇరుక్కోని ఉంటడు తమ్మీ. ఫికర్ జెయ్యకు."

అందరూ నవ్వారు. గోడవైపు నొక్కుకుపోయిన ఒక కుర్రవాడు మాత్రం నవ్వలేదు, వాడికి ఊపిరి ఆడటం లేదు. భిక్షపతి అన్న ఆ సంగతి పైకి అనలేదు. "మీల ఫుట్‌బాల్ ఎవలన్న ఆడిన్రా?" అని అడిగాడు.

"క్రికెట్ అండీ," అన్నారెవరో.

"అయ్యో, మంచి పిల్లలున్నరు, గీ బీమారేంది?" అంటూ స్టూలు మీంచి లేచి మూలకు ఒత్తిగిలాడు. "జాగ లేదనుకుంటున్నరు గద? జాగ ఎన్నడుండది. చెయ్యాలె. నేనిట్ల మూలకు జరిగిన. ఇగ నువ్వు నా దిక్కు రా. నీ ఎనక ఆయన సుత రావాలె. జర ఆగున్రి... ఆఁ. ఇప్పుడు గా గోడ కాడి తమ్మీ, నీకు గాలొస్తుందా?"

"వస్తోందన్నా," అన్నాడు వాడు.

"గిదే నా ఆట," అన్నాడాయన.

ఇంటర్వ్యూ పోయింది. వచ్చిన ఆదివారం ఆయన ఆట చూడటానికి నేను మైదానానికి వెళ్ళాను.

పంజాగుట్ట నుంచి శ్రీనగర్ కాలనీకి వెళ్ళే దారికి పక్కన అప్పట్లో ఒక మట్టి మైదానం ఉండేది. అందరూ బంతిని చూస్తుంటే నేను ఆయన్నే చూడటం మొదలుపెట్టాను. ఏదైనా విడగొట్టి చూస్తే తప్ప అర్థం కాని బుద్ధి నాది. ఆయన పరుగులను మూడు రకాలుగా విడగొట్టుకున్నాను. ఒకటి, బంతి రాదని తెలిసీ వస్తుందన్నట్టు పరుగెత్తడం. రెండు, ఎదుటి డిఫెండర్ దగ్గర బంతి ఉంటే వాడు తల ఎత్తి చూసుకునే వ్యవధి లేకుండా మీదికి పోవడం. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: మా వాళ్ళు గోల్ వైపు వెళ్ళేటప్పుడు ఆయన పక్కకు, మూల జెండా వైపు పరుగెత్తడం. కాపలా ఉన్న డిఫెండర్ తప్పనిసరిగా ఆయన వెంట పడతాడు. ఒక్కోసారి ఇద్దరు. వాళ్ళు వదిలి వచ్చిన ఖాళీలోంచి మా వాడెవడో గోల్ కొడతాడు. మైదానమంతా ఆ కొట్టినవాడి పేరు అరుస్తుంటే ఈయన మూలన, మీద పడిన డిఫెండర్‌ను పక్కకు నెట్టి మట్టి దులుపుకుంటూ ఉండేవాడు.

మా అభిమానుల్లో పెద్దదిక్కు సుబ్బారావు గారికి కూడా ఇది అర్థం కావడానికి చాలాకాలం పట్టింది.

"ఏంటయ్యా భిక్షపతీ, గోల్ పోస్టు అటుంటే నువ్వు కూరలకెళ్తున్నట్టు ఇటు పరిగెత్తావేంటి?"

"నా ఎంట ఎంతమంది ఒచ్చిన్రు సారు?"

"ఇద్దరు."

"మరి గోల్ కాడ ఎవలున్నరు?"

"ఎవరూ లేరు."

"ఇగ నేను కూరలకు పోకుంటే ఎట్ల?"

ఆయన వెంట పడేవాళ్ళలో ముఖ్యుడు మాసబ్ ట్యాంక్ జట్టు డిఫెండర్ సలీం భాయ్. వృత్తికి మెకానిక్, మైదానంలో జలగ. రెఫరీ అటు తిరిగితే చాలు, భిక్షపతి అన్న అంగీ ఎడమవైపు పిడికిట్లో ఉండేది. ఇద్దరూ ఆటంతా తిట్టుకుంటూ పరుగెత్తి, ఆట అయ్యాక ఒకే సాసర్‌లో చాయ్ పోసుకుని తాగేవాళ్ళు. ఒకసారి భిక్షపతి అన్న భార్య లక్ష్మి వదిన స్వయంగా మైదానానికి వచ్చి చెప్పింది: "సలీం భాయ్, ఈపారి కుడి దిక్కు గుంజు. ఎడమ దిక్కు కుట్టనీకి బట్ట మిగల్లే." సలీం భాయ్ సిగ్గుపడిపోయాడు. తర్వాతి ఆటలో మాట నిలబెట్టుకుని కుడివైపు చించాడు.

ఆ రోజుల్లో నేను ఎటూ కదలలేని స్థితిలో ఉన్నాను. అనుభవం లేనిదే ఉద్యోగం ఇవ్వరు, ఉద్యోగం లేనిదే అనుభవం రాదు. ఊళ్ళో నాన్నగారు నాకు ఉద్యోగం వచ్చేసిందని అందరికీ చెప్పేశారు, కనుక ఇంటికి వెళ్ళడానికి లేదు. హాస్టల్ గదిలో మంచాలు ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. నా మంచం చేరాలంటే ఇంకొకరి మంచం తొక్కాలి. తోటివాళ్ళకు బెంగుళూరు నుంచి, పుణె నుంచి ఆఫర్లు వస్తున్నాయి. నేను ఒక కోర్సు అయ్యాక ఇంకొక కోర్సు, అదే లిఫ్ట్‌లో పైకీ కిందికీ తిరుగుతున్నాను. "నన్నెవరో పట్టి లాగుతున్నట్టుంది అన్నా, కదలనివ్వడం లేదు," అన్నాను ఒక రోజు. ఆయన గ్రిల్ మూస్తూ అన్న మాట ఇది:

"అంగీ పట్టుకున్నోడు ఉన్నడంటే నువ్వింక ఆటల ఉన్నట్టే తమ్మీ. ఎవడు పట్టుకుంట లేడంటేనే భయపడాలె."

ఆ మాట చెప్పిన మనిషి నాకన్నా గట్టిగా ఇరుక్కుని ఉన్నాడని నాకు తర్వాత తెలిసింది. ఆ భవనం యజమానే మా జట్టు అధ్యక్షుడు. జట్టులో ఆడుతున్నందుకే లిఫ్ట్‌లో పని. ఆట మానిన రోజు ఆ స్టూలు ఇంకొకరిది. భిక్షపతి అన్న ఎడమ మోకాలు అప్పటికే అరిగిపోయింది. మేజోడు కింద కట్టు కట్టుకుని ఆడేవాడు. వారమంతా ఆ పెట్టెలో కూర్చుని కాలు బిగుసుకుపోయేది. ఆదివారం దాన్ని బలవంతంగా పరుగెత్తించేవాడు. ఆడితే కాలు పోతుంది, మానితే కూడు పోతుంది. మాలో ఎవరితోనూ ఈ విషయం అనలేదు. వదిన అన్నది.

ఆట మానినా పని తీసేయవద్దని అడగడానికి సుబ్బారావు గారు మమ్మల్ని కొందరిని వెంటబెట్టుకుని యజమాని దగ్గరికి వెళ్ళారు.

"ఆడనోనికి టీముల పనేంది? టీముల లేనోనికి లిఫ్ట్‌ల పనేంది?" అన్నాడు యజమాని.

"సరేనండీ. అయితే రేపట్నుంచి మీ బిల్డింగుకి నా క్యారేజీలు రావు. మీ కోచింగ్ సార్లందరూ మధ్యాహ్నం ఏం తింటారో మీరే చూసుకోండి."

యజమాని నవ్వేశాడు. "ఏందయ్యా, గోంగూరతోని బెదిరిస్తున్నవా?" అన్నాడు. కానీ ఒప్పుకున్నాడు. ఆట మానినా లిఫ్ట్ భిక్షపతిదే. ఆ కబురు విన్నప్పుడు ఆయన ముఖం ఇంకా నా కళ్ళలో ఉంది. గ్రిల్ తీసి, ఎవరూ లేని లిఫ్ట్‌ను ఊరికే పైదాకా తీసుకెళ్ళి దించాడు.

"అయితే ఇంకొక్క మ్యాచ్ ఆడి మానేస్త," అన్నాడు. "సలీంగాని టీముతోని. గట్టిగ."

ఆ వీడ్కోలు ఆట మా అభిమానులందరి ప్రేమకూ నిదర్శనం. మా అజ్ఞానానికి కూడా. జీవితమంతా ఇతరులకు దారి ఇచ్చిన మనిషి చేత చివరి రోజున ఒక్క గోల్ కొట్టించాలని సుబ్బారావు గారికి అనిపించింది. అందరికీ నచ్చింది. ఎదుటి జట్టుకు ముందే చెప్పి ఒప్పించాం: రెండో సగంలో భిక్షపతిని ఎవరూ అడ్డుకోకూడదు, వెంటపడకూడదు. సలీం భాయ్ ఒక్కడే నసిగాడు. "వానికి నచ్చది సాబ్," అన్నాడు. పెద్దవాళ్ళు చెబుతున్నారని ఊరుకున్నాడు.

రెండో సగం మొదలైంది. మా వాళ్ళు బంతితో ముందుకు వచ్చారు. భిక్షపతి అన్న అలవాటు ప్రకారం మూల జెండా వైపు దూసుకుపోయాడు. సగం దూరం పోయాక వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. ఆగాడు. మళ్ళీ ఇటువైపు పరుగెత్తాడు. ఎవరూ రాలేదు. సలీం భాయ్ చేతులు వెనక్కి కట్టుకుని నేలచూపులు చూస్తున్నాడు. అనుకున్న ప్రకారం బంతి భిక్షపతి అన్న కాళ్ళ దగ్గరికే వచ్చింది. ఎదురుగా గోల్, గోల్ కీపర్ కూడా పక్కకు తప్పుకున్నాడు. మేమంతా లేచి నిలబడి పేరు పెట్టి అరుస్తున్నాం. ఇన్నేళ్ళలో ఆయన పేరు ఆ మైదానంలో అంత గట్టిగా వినబడటం అదే మొదలు.

ఆయన బంతిని కాలి కింద తొక్కిపెట్టాడు. అంత ఖాళీలో ఆ మనిషి ఎటు కదలాలో తెలియక నిలబడిపోవడం నేను చూశాను. లిఫ్ట్‌లో అంతమంది మధ్య చోటు చేయగలిగినవాడికి, ఆ బయలులో అడుగు పెట్టడానికి చోటు లేకపోయింది.

"ఏం రా సలీం," అని అరిచాడు. "నేనప్పుడే సచ్చిపోయిన్నా?"

ఆయన బంతిని గీత బయటికి తన్ని వచ్చి కూర్చున్నాడు. ఏం చేయాలో తోచక మేము శాలువా కప్పాం. శాలువా లోంచి చూస్తూ, కోపం తగ్గాక, మెల్లగా అన్నాడు:

"మస్తు సన్మానం జేసిన్రు సారు. గని మ్యాచ్ ఆడలే. ఇంకోటి పెట్టున్రి. గోల్ గీల్ వద్దు. అంగీ పట్టుకొమ్మని చెప్పున్రి వానికి."

పెడతామని మాట ఇచ్చాం. ఆ మాట అలాగే ఉండిపోయింది. మైదానం చుట్టూ రేకులు లేచాయి, లోపల కాంప్లెక్సుకు పునాదులు తవ్వారు. ఇంకొక మైదానం వెతికేలోగా వానలు వచ్చాయి. నాకు ఉద్యోగం వచ్చి మాదాపూర్ వెళ్ళిపోయాను. ఎప్పుడు కలిసినా ఆయన గ్రిల్ తీస్తూ ఒకే ప్రశ్న వేసేవాడు: "జాగ దొరికిందా తమ్మీ?" చూస్తున్నామన్నా అనేవాణ్ణి. అబద్ధం కాదు, చూస్తూనే ఉన్నాం. ఇంతలో ఒక మధ్యాహ్నం లిఫ్ట్ కిందికి వచ్చింది, గ్రిల్ తెరుచుకోలేదు. కునుకు తీస్తున్నాడనుకుని పిల్లలు కాసేపు బయటే నిలబడ్డారట. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు.

అంతిమయాత్ర అమీర్‌పేట వెనక బస్తీలోని ఆయన ఇంటి నుంచి బయలుదేరింది. అభిమానులం అందరం వచ్చాం. ఉద్యోగాలు వచ్చినవాళ్ళూ, ఇంకా కోర్సులు చేస్తున్నవాళ్ళూ. పాడె లేపేటప్పుడు సలీం భాయ్ వచ్చి ఎడమవైపు, ముందు కొమ్ము కింద భుజం పెట్టాడు. పంజాగుట్ట చౌరస్తా దగ్గర బండ్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. బస్సుల మధ్య, ఆఫీసు క్యాబుల మధ్య, హారన్ల మధ్య పాడె ముందుకూ వెనక్కీ కదలక నిలిచిపోయింది. భుజాలు మార్చుకోవడం ఆనవాయితీ కనుక ఒకరి తర్వాత ఒకరం మారుతున్నాం. సలీం భాయ్ మారలేదు. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది.

"ఇటివ్వండి భాయ్, కాసేపు నేను పడతాను," అన్నారు సుబ్బారావు గారు.

సలీం భాయ్ తల అడ్డంగా ఊపాడు. "ఆ దినం ఇడిసిపెట్టిన సాబ్. మీరు చెప్పిన్రని ఇడిసిపెట్టిన. ఇయ్యాల నై ఇడుస్త."

సుబ్బారావు గారు కొంచెం వెనక్కి తగ్గి నిలబడ్డారు.

భిక్షపతి అన్నకు నివాళిగా చెప్పదగిన పెద్దమాటలు నా దగ్గర లేవు. మా జట్టుకు ఇంకొక ఫార్వర్డ్ వస్తాడు, ఆయనకన్నా ఎక్కువ గోల్సే కొడతాడు. ఆ గోల్స్‌కు చోటు ఎవరు చేస్తారన్నది మాకు తెలియదు. ఆ లిఫ్ట్‌లో స్టూలు ఇప్పటికీ మూలనే ఉంది. పిల్లలు దాని మీద కూర్చోవడం లేదు. దాని పక్కన నొక్కుకుని నిలబడుతున్నారు.

శ్మశానం గేటు దాటాక పాడె దించారు. తెల్లగుడ్డ ఎడమ అంచు సలీం భాయ్ పిడికిట్లో ఉండిపోయింది. వదలమని ఎవరూ చెప్పలేదు. చివరికి లక్ష్మి వదినే వచ్చి, ఆయన వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పింది.